ఏం తిన్నావమ్మా?

మొన్న మాఘమాసంలో ఎల్బీనగర్‌లో మా పెదనాన్నగారి మనవరాలి శ్రీమంతానికి వెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగరే. పది నిమిషాల ప్రయాణానికి గంటన్నర ముస్తాబా అని మా ఇంట్లో మగవాళ్ళ వేళాకోళం. నిజానికి నా ముస్తాబుకి పట్టింది పావుగంట. తక్కిన గంటంబావూ వాళ్ళ భోజనానికి ఏం వండానో, ఏది ఏ గిన్నెలో ఉందో అప్పగించడానికే సరిపోయింది!

శ్రీమంతం సంగతి మీకు తెలియనిదేముంది? గాజులు తొడిగే చేతులు తక్కువ, సలహాలు చెప్పే నోళ్ళు ఎక్కువ. "బొప్పాయి ముట్టుకోకే తల్లీ!" అని ఒకావిడ. "నువ్వుండలు వద్దు, వేడి" అని ఇంకొకావిడ. "కుంకుమపువ్వు పాలు తాగు, పిల్ల దబ్బపండులా పుడుతుంది" అని మూడో ఆవిడ. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ కూడా కుంకుమపువ్వు పాలు తాగిందట. నేను పుట్టాక మాత్రం ఆ సంగతి ఎక్కడా ఎత్తేది కాదు పాపం!

అంతా నవ్వులాటగానే సాగుతోంది. ఇంతలో మా చెల్లెలు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వాడికి పదేళ్ళు. కాళ్ళకి కాలిపర్లు వేసుకుని, టకటకమని చప్పుడు చేసుకుంటూ నడుస్తాడు. చదరంగంలో నన్ను చిత్తుగా ఓడిస్తాడు. వాణ్ణి చూసి ఒక మామ్మగారు — చెడ్డ మనిషి కాదు, నిజంగా జాలిపడే — "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావమ్మా?" అని అడిగారు.

మా చెల్లెలు ఆవిడకి జవాబు చెప్పలేదు. నా వంక చూసింది. ఆ చూపు గురించే ఇవాళ మీతో మాట్లాడాలని కూర్చున్నాను.

మా చెల్లెలికి పద్నాలుగో ఏట, స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళంచెవులు పెట్టడం, విబూది, తాయెత్తు అన్నీ అయ్యాక, ఒక డాక్టరుగారు వాల్‌ప్రోయేట్ అనే మాత్రలు రాసిచ్చారు. దాంతో ఫిట్స్ కట్టుబడ్డాయి. పిల్ల చదువుకుంది, ఉద్యోగంలో చేరింది. ఆ మందుని నేను ఈనాటికీ తిట్టలేను. ఎంచేతంటే నా చెల్లెల్ని నాకు మిగిల్చింది అదే.

తర్వాత పెళ్ళి మాటలు వచ్చాయి. ఉన్నమాట చెప్పిన పాపానికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఫిట్స్ ఉన్నవాళ్ళు పెళ్ళికి అర్హులు కారన్న మాట మన హిందూ వివాహ చట్టంలో 1999 దాకా ఉండేది. ఆ ఏడు సవరణ చేసి తీసేశారు. చట్టంలోంచి పోయినంత తేలిగ్గా మనుషుల మనసుల్లోంచి పోతుందా? మూడో సంబంధం వచ్చేసరికి ఇంట్లో అందరం కూర్చుని ఒక్కటే అనుకున్నాం — చెప్పొద్దు.

మరి రోజూ వేసుకోవలసిన మాత్రలో? ఆ ఉపాయం నాది. ఓ విటమిన్ సీసా ఖాళీ చేసి, ఈ మాత్రలు అందులో పోసి ఇచ్చాను. "ఎవరడిగినా బలానికని చెప్పు" అన్నాను. నవలలు రాసే బుర్ర కదా! నా కథానాయిక చేత ఆ పని చేయిస్తే పాఠకురాళ్ళు భలే అనేవారు. నాకు కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నా తెలివికి మురిపెంగానే ఉంది.

ఏడాదిన్నరకి నెల తప్పింది. ఆస్పత్రిలో "మందులేమైనా వాడుతున్నావా?" అని అడిగారు. పక్కనే అత్తగారు ఉన్నారు. "విటమిన్లండీ" అంది మా చెల్లెలు. పుట్టిన పిల్లాడికి వీపు కింది భాగంలో వెన్నెముక మూసుకోలేదు. మూడో రోజునే ఆపరేషను. "గ్రహణం నాడు బయటికి వెళ్ళి ఉంటావు", "ఏదో తినకూడనిది తిని ఉంటావు" — ఇలా ఎవరికి తోచింది వాళ్ళన్నారు. అది అన్నీ పడింది.

నాకప్పుడు కారణం తెలీదు. తెలిసింది చాలా ఏళ్ళకి, పక్కవాటాలో అద్దెకున్న ఓ అమ్మాయి వల్ల. ఆ పిల్ల రోజూ ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీకి వెళ్ళి పరిశోధన చేసేది. పుష్ప మిత్ర భార్గవగారు మొదటి డైరెక్టరుగా 1977లో మొదలైన సంస్థ అది. జీవకణాల గుట్టు విప్పడమే అక్కడివాళ్ళ పని. నేను చదివింది బి.ఏ. జీవకణం అంటే నాకు తెలుగు పాఠంలో సంధి విడదీయడం లాంటిదేదో అనుకునేదాన్ని. ఒకరోజు నేను బీరువా సర్దుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చి, మంచమ్మీద చీరల గుట్ట చూసి నవ్వింది. "ఆంటీ, మేం రోజూ చూసేది ఇదే!" అంది.

ఆ పిల్ల చెప్పింది నాకర్థమైనంతలో చెబుతాను. మన ఒంట్లో ఒక్కొక్క కణంలోనూ, సాగదీస్తే రెండు మీటర్లుండే డీఎన్‌ఏ దారం ఉందిట. కంటికి కనపడని కణంలో అంత దారం ఎలా పట్టింది? హిస్టోన్లనే మాంసకృత్తుల చిన్న చిన్న ఉండలకి చుట్టి, మడతలు పెట్టి ఉంటుంది. ఆ మడతల మూటకే క్రొమాటిన్ అని పేరు. మన జన్యువులన్నీ ఆ దారంలోనే ఉంటాయి. అయితే బీరువాలో ఉన్న చీరలన్నీ రోజూ కడతామా? పైన, చేతికందేలా ఉన్నవి కడతాం. అట్టడుగున నొక్కి పెట్టినవి ఉండీ లేనట్టే. జన్యువులూ అంతే. మడత విప్పి ఉన్నదే పని చేస్తుంది, బిగిసిపోయింది మూగగా పడి ఉంటుంది. కన్నులోనూ కాలేయంలోనూ దారం ఒక్కటే. ఏ మడత ఎక్కడ విప్పి ఉందన్నదే తేడా.

ఈ మడతలు వేసేవీ విప్పేవీ కొన్ని రసాయనపు గుర్తులు. హిస్టోన్ల మీద ఎసిటైల్ అనే గుర్తు పడితే మడత వదులవుతుంది. దాన్ని చెరిపేసే ఎంజైములు వచ్చి చెరిపేస్తే మళ్ళీ బిగుస్తుంది. దారం మీదే మిథైల్ అనే గుర్తు పడితే, చాలామటుకు ఆ జన్యువు నోరు మూతపడుతుంది. ఈ గుర్తుల్ని అటూ ఇటూ చేసే పదార్థాలు ఏ లాబొరేటరీలోనో ఉంటాయనుకుంటాం కదూ? మన వంటింట్లోనే ఉన్నాయి! మనం తిన్న పీచుని పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థం చేస్తాయి. ఎసిటైల్ గుర్తుల్ని చెరిపే చేతిని అది పట్టుకుని ఆపుతుంది. ఆ పేరు వెన్న నుంచి వచ్చిందే. నిలవున్న వెన్నకి ఓ ముక్క వాసన వస్తుంది చూడండి, ఆ ఘాటు దీని తాలూకుదే. బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో తపస్ కుండూగారి బృందం, గుర్తులు పెట్టే ఎంజైముని ఆపే గుణం జీడిపిక్కల తొక్కల నూనెలోని ఓ ఆమ్లానికి ఉందని 2003లోనూ, పసుపులోని కర్‌క్యుమిన్‌కి ఉందని 2004లోనూ చూపించారు. అలాగని చారులో మరో చెంచా పసుపు వేసి జాతకాలు మార్చేద్దామని బయల్దేరకండి! గాజుగొట్టంలో చేసిన పని పళ్ళెంలో చేస్తుందని లేదు. తిన్న పసుపులో ఒంటికి పట్టే కర్‌క్యుమిన్ బహు స్వల్పం.

ఇంతవరకూ సరదాగా విన్నాను. అప్పుడా అమ్మాయి, "మందుల్లో కూడా ఉన్నాయాంటీ, వాల్‌ప్రోయేట్ అని ఫిట్స్ మందు..." అంది. నా చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది.

ఆ పదార్థాన్ని 1882లోనే తయారుచేశారట. ఎనభై ఏళ్ళు దాన్ని ఇతర పదార్థాల్ని కరిగించుకునే ద్రవంగానే వాడారు. 1960ల మొదట్లో ఫ్రాన్సులో ఏవో కొత్త మందుల్ని దాంట్లో కలిపి పరీక్షిస్తే, ఏది కలిపినా ఫిట్స్ ఆగుతున్నాయి. తీరా చూస్తే గుణం మందుల్లో లేదు, కలిపిన ద్రవంలోనే ఉంది! ఎసిటైల్ గుర్తుల్ని చెరిపే ఎంజైముల్ని కూడా అది ఆపుతుందని 2001లో బయటపడింది. అంటే మూసుకోవలసిన మడతలు కొన్ని తెరుచుకునే ఉండిపోతాయి. పెద్దవాళ్ళకి అదంత ప్రమాదం కాకపోవచ్చు. కాని కడుపులో బిడ్డ తయారవుతున్నప్పుడు, ఏ మడత ఏ రోజు విప్పాలో, ఏ రోజు మూయాలో ఒక క్రమం ఉంటుంది. ఆ క్రమం తప్పడం వల్లే బిడ్డకి అవకరాలు వస్తున్నాయని శాస్త్రజ్ఞుల బలమైన అనుమానం. గర్భంలో ఈ మందు తగిలిన పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి పుట్టుకతో పెద్ద లోపం ఉంటుంది. పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదలలో ఇబ్బందులు రావచ్చు. అన్నిటికంటే నన్ను కుంగదీసిన మాట ఇంకొకటి. వెన్ను తాలూకు గొట్టం బిడ్డ కడుపులో పడ్డ 28 రోజులకల్లా మూసుకుపోవాలిట. ఆడదానికి నెల తప్పిందని రూఢి అయ్యేసరికే ఆ గడువు దాదాపు అయిపోతుంది.

నాకారోజు నిద్రపట్టలేదు. మా బామ్మ ఉంటే "తలరాతే" అనేది. ఆ మాటంటే నాకు చిన్నప్పట్నుంచీ మంట. కాని ఆ రాత్రి మొదటిసారి దాంట్లో ఓ దయ కనిపించింది. తలరాత అంటే రాసింది బ్రహ్మ. తల్లి కాదు. ఇప్పుడు శాస్త్రం వచ్చి, రాత ఒకటే కాదు, దాని పక్కన పెన్సిలు గుర్తులు కూడా ఉంటాయి, వాటిని తిండీ మందులూ మారుస్తాయి అంటోంది. వెంటనే లోకం ఆ పెన్సిలు తీసుకెళ్ళి తల్లి చేతిలో పెడుతోంది. "ఏం తిన్నావమ్మా?" అని మామ్మగారు అడిగితే మూఢనమ్మకం. అదే ప్రశ్న తెల్లకోటు వేసుకుని వస్తే విజ్ఞానమా? బ్రహ్మని తప్పించి అమ్మని నిలబెట్టడమేనా దీంతో జరిగింది?

ఆలోచించగా ఆలోచించగా, తప్పు శాస్త్రంలో లేదు, ప్రశ్న అడిగే తీరులో ఉందనిపించింది. చూడండి, ఇదే ప్రశ్న మరోలా అడిగిన మహాతల్లి ఒకావిడ ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భిణీలుగా ఉండగా రక్తం పలచబడి చచ్చిపోతుంటే, "వీళ్ళకి తిండిలో ఏం అందడంలేదు?" అని వెతికింది. ఈస్టు సారం పెడితే కోలుకున్నారు. అందులో ఉన్న ఆ పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే! ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆ జబ్బుకి కూడా ఫోలిక్ ఆమ్లం మందయింది. ఒంట్లో మిథైల్ గుర్తులకి కావలసిన సరుకు అందించడంలో దానికి ముఖ్యమైన పాత్ర ఉంది. అంతకుముందు వెన్ను లోపంతో బిడ్డని కన్న తల్లులకి గర్భానికి ముందు నుంచే ఇస్తే, మళ్ళీ అలా జరగడం నూటికి డెబ్బై పాళ్ళకి పైగా తగ్గిందని 1991లో రుజువైంది. మామూలు స్త్రీకి గర్భానికి ముందు నుంచీ రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. అది ఆవగింజంత బరువు కూడా ఉండదు.

లూసీ విల్స్ అడిగింది "ఏం తిన్నావు?" అని కాదు. "నీకేం అందలేదు?" అని. రెండిటికీ ఎంత దూరం ఉందో చూశారా! మొదటిది బోనులో నిలబెడుతుంది. రెండోది విస్తరి వేస్తుంది.

హాలెండులో 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం తిండి రాకుండా దారులు మూసేసింది. ఆ కరువులో కడుపున పడ్డ పిల్లల్ని అరవై ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే, వాళ్ళ తోబుట్టువుల కంటే ఓ జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయని 2008లో తేలింది. ఆ తల్లుల్ని "ఏం తిన్నావమ్మా?" అని అడగగలరా ఎవరైనా? దారి మూసినవాణ్ణి అడగాలి గాని!

అంత దూరం ఎందుకు, ఎల్బీనగర్ ఉన్న ఈ రంగారెడ్డి జిల్లాలోనే జరిగిన సంగతి చెబుతాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో ఓ పని చేశారు. పదిహేను ఊళ్ళలో గర్భిణీలకీ బాలింతలకీ చిన్నపిల్లలకీ రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా. తక్కిన పధ్నాలుగు ఊళ్ళకి ఆ పథకం అప్పటికి రాలేదు. 2003-05లో వెళ్ళి, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసుకొచ్చిన ఆ పిల్లల్ని, 1165 మందిని కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. అంతకంటే ముఖ్యం, వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మాట వినే గుణం మెరుగ్గా ఉంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిందిది. వాళ్ళు బీరువా తెరిచి మడతలు చూడలేదు, పిల్లల్ని కొలిచారంతే. అయినా పదిహేనేళ్ళ కిందటి గరిటెడు ఉప్మాని పిల్లల ఒళ్ళు మరిచిపోలేదన్నది మాత్రం నిజం.

ఈ సంగతి మా పనమ్మాయికి చెబితే — దానిది యాచారం వైపు — "మా ఊర్ల గూడ అంగన్‌వాడీల ఉప్మా పెట్టేటోళ్ళమ్మా. మాయమ్మ తన వంతుది గిన్నెల ఏస్కొని ఇంటికి తెచ్చి మాకే పెట్టేది" అంది. ఇంక ఆ తల్లిని ఏం తిన్నావని అడగడానికి ఏ శాస్త్రానికి నోరొస్తుంది?

అయితే పాఠకురాళ్ళూ, ఇదంతా చెప్పి నేను తప్పించుకుంటున్నానని మీకనిపించవచ్చు. లోకాన్ని బోనెక్కించి అక్క మెల్లిగా జారుకుంటోందని! లేదు. నా లెక్క నేను చూసుకోవాలి. పదిమందిలో తొమ్మిదిమందికి పెద్ద లోపం రాదు. కనుక మావాడికి ఆ మాత్ర వల్లే వచ్చిందని ఏ డాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు. ఆస్పత్రిలో నిజం చెప్పినా అప్పటికే 28 రోజులు దాటిపోయాయి. పైగా నాకు హిస్టోన్లూ మడతలూ ఏం తెలుసు? ఇన్ని సాకులు ఉన్నాయి నాకు. అన్నీ నిజాలే.

కాని ఒక్కటుంది. నాకు తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినవాళ్ళకి తెలియకుండా చేశాను చూశారూ, అదీ తప్పు. పెళ్ళికి ముందే, పిల్లల మాట రాకముందే ఓ డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడి ఉంటే, మందు మార్చడానికి వీలుందో లేదో చూసేవారు. ఆ తలుపు నేను మూశాను, ఓ విటమిన్ సీసా మూతతో. ఫలితం మంచిదైనా, చెడ్డదైనా ఆ మూత బిగించిన చెయ్యి నాదే. పదిమందిలో తొమ్మిదిమంది పిల్లల్లాగా వాడు నిక్షేపంలా పుట్టి ఉంటే, నా ఉపాయాన్ని ఈపాటికి ఎంతమందికి గొప్పగా చెప్పుకునేదాన్నో! అది తలచుకుంటేనే నాకు ఎక్కువ భయం వేస్తుంది.

పిల్లాడి విషయంలో తండ్రిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఈ మందు వాడే మగవాళ్ళ విషయంలో కూడా జాగ్రత్త అవసరమని ఐరోపా మందుల సంస్థ 2024లో చెప్పింది. ఇక ముందు శ్రీమంతాల్లో అల్లుణ్ణి కూడా కూర్చోబెట్టి "ఏం తిన్నావు నాయనా?" అని అడగాలి కాబోలు!

సరే, మళ్ళీ ఎల్బీనగర్ వెళదాం. మామ్మగారు అడిగారు, మా చెల్లెలు నా వంక చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ చూపు తప్పించుకున్నాను. ఆవేళ ఎందుకో తప్పించుకోలేకపోయాను. "అది తిన్నది కాదు మామ్మగారూ, నేను పెట్టింది" అన్నాను. ఫిట్స్, మాత్రలు, సీసా, అన్నీ చెప్పేశాను. హాల్లో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. తర్వాత ఎవరో "ఇడ్లీలు చల్లారిపోతున్నాయి" అన్నారు. అందరూ లేచారు. నన్నెవరూ మెచ్చుకోలేదు, తిట్టలేదు. మామ్మగారు మాత్రం పిల్లాడి తల నిమిరి, మా చెల్లెలితో "అనవసరంగా అడిగానమ్మా" అన్నారు.

నేను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే, ఆ శ్రీమంతం అమ్మాయి చేతినిండా గాజులతో వెనకాలే వచ్చింది. "పిన్నీ, నాకు థైరాయిడ్ ఉంది. అత్తయ్యగారికి చెప్పలేదు. కడుపుతో ఉండగా మందులు మంచివి కాదని రెండు నెలల నుంచి మాత్రలు మానేశాను" అంది మెల్లిగా. నా గుండె జారిపోయింది. ఎంత విచిత్రం చూడండి, ఒక మాత్ర దాచి వేసుకోవడం ప్రమాదమైతే, ఇంకో మాత్ర దాచి మానేయడం ప్రమాదం. ఏది ఏదో మీకూ నాకూ ఎలా తెలుస్తుంది? ఫిట్స్ మందైనా అంతే. భయపడి సొంతంగా ఆపేస్తే తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆ సాయంత్రమే దాన్ని డాక్టరు దగ్గరికి పంపించేదాకా నేను కదల్లేదు.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో మా చెల్లెలు ఏమీ మాట్లాడలేదు. వాడు తలుపు అద్దానికి ముక్కు ఆనించి కింద పోయే బస్సుల్ని లెక్కపెడుతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను దిగిపోయాను. వాళ్ళు ఇంకా ముందుకి వెళ్ళాలి. క్షమించావా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే మళ్ళీ దాని మీదే ఓ బరువు పెట్టినట్టవుతుందనిపించింది.

రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. మన తెలుగువాళ్ళకి ప్రేమగా పలకరించడానికి వేరే మాటలు లేవు కదా!

"ఏమేవ్ అక్కా, శ్రీమంతంలో ఏమీ ముట్టుకోకుండా వచ్చేశావు. రాత్రికి ఏం తిన్నావ్?" అంది మా చెల్లెలు.